రాత్రి ముహూర్తం ఫొటోలు: నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ కొనేముందు ఏం చూసి తేల్చుకోవాలి?

ఖమ్మం_క్లిక్స్

అందరికీ నమస్తే. ఖమ్మం దగ్గర మాకు చిన్న స్టూడియో ఉంది. నేనూ మా తమ్ముడూ తీస్తాం, సీజన్‌లో ఇంకో కుర్రాడు తోడు వస్తాడు. కెమెరా నికాన్ డీ750. లెన్సులు 24-70 ఎఫ్ 2.8, 85 ఎఫ్ 1.8.

మన ముహూర్తాల సంగతి మీకు చెప్పక్కర్లేదు. జీలకర్ర బెల్లం పెట్టేసరికి అర్ధరాత్రి దాటుతుంది, తలంబ్రాలకి రెండున్నర. హాల్లో పసుపు బల్బులు, స్టేజీ వెనక రంగులు మారే ఎల్ఈడీలు, వీడియో వాళ్ల లైటు ఎప్పుడూ ఒకవైపే. తక్కువ వెలుతుర్లో ఫొటో వెలుగు పెంచే సెట్టింగ్ ఐఎస్ఓ 6400 పెట్టక తప్పట్లేదు, ఒక్కోసారి ఇంకా పైకి. దాంతో ఫొటో నిండా నాయిస్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు. ఇన్నాళ్లూ అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో నాయిస్ తగ్గించే లూమినెన్స్ స్లయిడర్ లాగి సరిపెట్టాం. ఇప్పుడు కస్టమర్లు ఫోన్‌లో ఫొటోని వేళ్లతో పెద్దది చేసి మరీ అడుగుతున్నారు, "ఈ చుక్కలేంటి" అని.

అందుకని ఆటోమేటిక్‌గా నాయిస్ తీసి షార్ప్ చేసేది ఒకటి కొందామని టోపాజ్, డీఎక్స్ఓ ప్యూర్‌రా ట్రయల్స్ దించాను. లైట్‌రూమ్‌లో ఏఐతో నాయిస్ తీసే డీనాయిస్ ఎలాగూ ఉంది. యూట్యూబ్ రివ్యూల్లో అందరూ పిల్లి కన్నో పిట్ట ఈకో 400 శాతం జూమ్ చేసి, ముందు, తర్వాత తేడా చూపే గీత మధ్యలో పెట్టి అటూ ఇటూ జరుపుతారు. అలా చూస్తే అన్నీ అద్భుతమే. నా ఫొటోల మీద కూడా స్క్రీన్‌లో బాగానే ఉన్నాయి. వాటిల్లో ఒకదానితో చేసిన ఆల్బమ్ ఇచ్చాక మాత్రం పెళ్లికూతురు ఫోన్ చేసి, "అన్నా, మా నాయనమ్మ మొహం ఇట్లా ఉండదు కదా, ఏం చేసిన్రు?" అంది. ముడతలన్నీ పోయి ప్లాస్టిక్ అయిపోయింది.

ఏది మంచిదో స్క్రీన్ మీద గీత జరపకుండా నిజంగా ఎలా తేల్చాలి? నాయిస్ ముందు తీయాలా, షార్ప్ ముందు చేయాలా? మా సిస్టమ్ ఐ5, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650, 4 జీబీది. సెలక్షన్ అయ్యాక కూడా పెళ్లికి వందల ఫొటోలు మిగులుతాయి, లాగుతుందా? ఇంకోటి, కొన్ని ఫొటోల్లో అడ్డంగా చారలు పడుతున్నాయి. అవి దేనికీ పోవట్లేదు.

మాస్_క్యాండిడ్

ఇంత ఆలోచన ఎందుకు బ్రో. ఆటో పెట్టి మొత్తం బ్యాచ్‌లో వేసెయ్, పడుకుని లేచేసరికి అయిపోతుంది. క్లీన్‌గా కనపడాలి, అంతే. నాయనమ్మ యంగ్‌గా కనిపిస్తే ఇంకా మంచిదేగా, హహ.

బెజవాడ_ఎడిటర్

మాస్ గారూ, నాయనమ్మ వయసు తగ్గి కనిపిస్తే నవ్వుకుంటారు. వేరే ఎవరిలాగో కనిపిస్తే ఆల్బమ్ వెనక్కి పంపుతారు. అప్పుడు షీట్ల డబ్బులు ఎవరు కడతారు?

ఖమ్మం తమ్ముడూ, నేను షూట్‌కి వెళ్లేదాన్ని కాదు. స్టూడియోల వాళ్లు హార్డ్‌డిస్కులు పంపితే ఇంట్లో కూర్చుని కలర్ కరెక్షన్, రీటచింగ్, ఆల్బమ్ డిజైన్ చేసి పంపుతాను. మీరంతా రాత్రి మూడింటికి తీసిన నాయిస్ చివరికి తేలేది నా టేబుల్ మీదే. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఏది మంచిది అన్నదానికి జవాబు ఏడాదికోసారి మారిపోతోంది. టోపాజ్ డీనాయిస్ ఏఐ, షార్పెన్ ఏఐ 2019లో వచ్చాయి. 2020 అక్టోబరులో డీఎక్స్ఓ డీప్‌ప్రైమ్ తెచ్చింది, ప్యూర్‌రాలో నాయిస్ తీసేది అదే. 2022లో టోపాజ్ తన ముక్కలన్నీ కలిపి ఫొటో ఏఐ అంది. 2023 ఏప్రిల్‌లో అడోబీ డీనాయిస్‌ని నేరుగా లైట్‌రూమ్‌లోనే పెట్టేసింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పాతవన్నీ దండగన్నారు. మీకంటూ ఒక పరీక్ష ఉంటే రేపు ఇంకోటి వచ్చినా ఒక పూటలో తేల్చేస్తారు.

నాయిస్ ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అందరూ ఐఎస్ఓని తిడతారు గానీ అసలు కారణం వెలుతురు చాలకపోవడం. ఒక పిక్సెల్ మీద 10,000 ఫోటాన్లు (వెలుతురు రేణువులు) పడితే హెచ్చుతగ్గు 100 దాకా ఉంటుంది, అంటే ఒక శాతం. అదే 100 పడితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. పసుపు బల్బుల కింద నీలం వెలుతురు మరీ తక్కువ. వైట్ బ్యాలెన్స్ సరిచేసి తెలుపుని తెలుపుగా చూపాలంటే ఆ నీలం చానెల్‌ని బాగా పెంచాలి, దాంతోపాటు అందులోని నాయిస్సూ పెరుగుతుంది. పెళ్లికూతురు జడ నీడలో, రిసెప్షన్‌లో పెళ్లికొడుకు నల్ల బ్లేజర్‌లో ఊదా, ఆకుపచ్చ మచ్చలు కనిపించేది అందుకే. ఆ రంగు మచ్చలు తీయడం ఇప్పుడు ఎవరికైనా తేలికే. లైట్‌రూమ్‌లో రా ఫైలు (సెన్సర్ పట్టింది పట్టినట్టు ఉండే ఫైలు) తెరవగానే కలర్ నాయిస్ తీసే స్లయిడర్ 25 మీద ఉంటుంది, చాలావరకు దానికే పోతాయి. పేచీ అంతా లూమినెన్స్, అంటే వెలుగునీడల నాయిస్ దగ్గర. చీర నేత, చర్మం మీద గీతలు, వెంట్రుకలు అన్నీ ఉండేది అక్కడే మరి.

ఇక పరీక్ష. మీ సొంత ఫైళ్లు పెట్టండి, వాటిలోనూ చెడ్డవి. కొత్త వెర్షన్ ఏది వచ్చినా నేను మొదట తెరిచేది తలంబ్రాల ఫ్రేము. గాల్లో ఉన్న బియ్యపు గింజ, అదీ ఫోకస్‌లో లేనిది, ఒక లేత చుక్క. ఐఎస్ఓ 6400లో నాయిస్ కూడా దాదాపు అదే సైజు చుక్క. ఏది గింజో ఏది నాయిస్సో సాఫ్ట్‌వేర్‌కి ఎవరు చెప్పాలి? తల మీద, బాసికం మీద ఆగిన గింజలు బాగానే నిలబడతాయి. వెనక ముదురు తెర ముందు ఎగురుతున్నవాటిలో కొన్ని మాయమవుతాయి, కొన్నిటికి తోకలొచ్చి తెల్ల పురుగుల్లా తయారవుతాయి. ఎన్ని మిగిలాయని లెక్క చూడక్కర్లేదు. ఎవరో దోసిలితో పోసినట్టుందా, ఎక్కడో నాలుగు అతికించినట్టుందా, అది చాలు.

తర్వాత కంచిపట్టు. అంచున జరీ ఎలాగూ మెరుస్తుంది, దాన్ని ఏదీ చెరపదు. చీర ఒంట్లో అదే రంగు పోగుతో నేసిన సన్న బుటాలు, గళ్లు ఉంటాయి చూడండి, వాటి మీద కన్నేయండి. కాంట్రాస్ట్ తక్కువ కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటిని నాయిస్ ఖాతాలో వేసి నున్నగా ఇస్త్రీ చేసేస్తుంది. చీర సంగతి ఆడవాళ్లకి తెలుస్తుంది తమ్ముడూ. ముచ్చటపడి నేయించుకున్న చీర సాదా శాటిన్‌లా కనిపిస్తే మీ షార్ప్‌నెస్ గురించి ఎవరూ మాట్లాడరు.

వెనక వరస చుట్టాలు ఉన్న ఫ్రేము ఒకటి కచ్చితంగా పెట్టండి. మొహం చిన్నది, ఫోకస్‌లో లేదు, కన్ను నాలుగైదు పిక్సెళ్లకి మించదు. ఫేస్ రికవరీ లాంటి ఆప్షన్ ఆన్‌లో ఉంటే అక్కడ ఏదో ఒక కన్ను గీస్తుంది. చక్కటి కన్నే, కానీ అది మేనమామది కాదు. గ్రూపు ఫొటోల్లో ఈ ఆప్షన్‌ని నేను ముందే ఆపేస్తాను, లేదా ముందువరస మొహాలకే మాస్క్ పెట్టి (అంటే ఆ చోటికే పరిమితం చేసి) ఉంచుతాను.

నాయనమ్మ మొహం సరేసరి. మీ దగ్గర ఇప్పుడు ఆ ఫైలే ఉంది, దాన్ని జాగ్రత్తగా దాచుకోండి, అంతకు మించిన టెస్టు ఫొటో దొరకదు.

పోల్చేటప్పుడు అన్నిటికీ ఒకే బరి ఉండాలి. లైట్‌రూమ్ రా ఫైలుకి మామూలుగానే షార్పెనింగ్ 40 వేస్తుంది. బయట సాఫ్ట్‌వేర్ తన షార్పెనింగ్ వేసి వెనక్కి పంపితే దాని మీద ఈ 40 కూడా పడొచ్చు. అప్పుడు మీరు చూసేది రెండు షార్పెనింగ్‌ల మొత్తం. రెండు చోట్లా సున్నా చేసి, ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్స్ ఒకటే పెట్టి అప్పుడు చూడండి. కాస్త బ్రైట్‌గా ఉన్న ఫొటో ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, కన్ను మోసపోతుంది.

కన్ను మోసపోకుండా ఒక చిట్కా. అసలు ఫొటో, నాయిస్ తీసిన ఫొటో ఫొటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, పైదానికి బ్లెండ్ మోడ్ డిఫరెన్స్ పెట్టండి. స్క్రీన్ నల్లగా అవుతుంది. లెవెల్స్‌తో వెలుతురు పెంచండి. ఇప్పుడు కనిపించేది సాఫ్ట్‌వేర్ తీసి అవతల పారేసిన సరుకు. అందులో అడ్డదిడ్డంగా ఇసక చల్లినట్టు గ్రెయిన్ మాత్రమే ఉంటే అది నాయిస్ తీసింది. బుటాల వరస, ముడతల గీతలు, కనుబొమ్మ ఆకారం కనిపిస్తే మీ ఫొటోని తీసింది. రెండు లేయర్లూ పిక్సెల్‌కి పిక్సెల్ అతకాలి, అందుకని లెన్స్ కరెక్షన్ రెండింటికీ ఒకేలా ఉంచండి, లేకపోతే అంచులన్నీ గీతలై కనిపించి కంగారు పడతారు.

తర్వాత సైజు లెక్క. ఇది చాలామంది వేసుకోరు. 12×36 ఆల్బమ్ షీటులో ఒక పేజీ 12×18 అంగుళాలు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన, 3600×5400 పిక్సెళ్లు. మీ డీ750 ఫైలు 6016×4016. పేజీ నిండా ఒకే ఫొటో వేస్తే దాదాపు అసలు సైజే, నాయిస్ దాచుకునే చోటు లేదు. అదే పేజీలో నాలుగు ఫొటోలు పెడితే ఒక్కోటి 6×9, అంటే 2700×1800. దగ్గరదగ్గర అయిదు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, నాయిస్ సగానికంటే కిందికి దానంతట అదే పడిపోతుంది. అలాంటి చిన్న ఫొటోలకి ఈ తతంగమే అక్కర్లేదు. నేను ముందు లేఅవుట్ వేసుకుంటాను. పేజీ నిండా, షీటు నిండా వెళ్లేవి, కవర్ ఫొటో, ఫ్రేము కట్టించేది, వీటికే డీనాయిస్. వందలన్నారే, అవి పదుల్లోకి వస్తాయి. మీ 1650కీ ప్రాణం నిలుస్తుంది.

కార్డు గురించి: అడోబీ డీనాయిస్‌కి 8 జీబీ మెమరీ ఉన్న కార్డు ఉంటే మంచిది, ఆర్టీఎక్స్ కార్డుల్లో ఏఐ లెక్కల కోసం ఉండే టెన్సర్ కోర్లతో అది పరుగెడుతుంది. 1650లో టెన్సర్ కోర్లు లేవు. పని అవుతుంది, నిదానంగా. రివ్యూలో చెప్పే సెకండ్లు వాళ్ల కార్డువి, మీవి కావు. ఒక ఫోల్డర్ తీసుకుని మొదటి నుంచి జేపెగ్ బయటికొచ్చేదాకా మొత్తం టైము చూడండి. డిస్క్ కూడా చూసుకోండి. ప్యూర్‌రా పని అయ్యాక ఇచ్చే డీఎన్‌జీ ఫైలు మీ నెఫ్ (నికాన్ రా ఫైలు) కంటే చాలా పెద్దది కావచ్చు. లైట్‌రూమ్ డీనాయిస్ కూడా అలాగే వేరే డీఎన్‌జీ చేసేది, 2025 జూన్ వెర్షన్ నుంచి ఆ అవసరం తీసేశారు.

మీరు రా తీస్తున్నారో జేపెగ్ తీస్తున్నారో రాయలేదు. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఎరుపో పచ్చో నీలమో ఒక్క రంగే చూస్తుంది, మిగతా రెండూ పక్కవాటిని బట్టి లెక్కకట్టాలి. డీప్‌ప్రైమ్, అడోబీ డీనాయిస్ ఆ లెక్కా, నాయిస్ తీయడమూ కలిపి చేస్తాయి. అందుకే వాటికి రా కావాలి. టోపాజ్ జేపెగ్ కూడా తీసుకుంటుంది. కానీ జేపెగ్ అయ్యేసరికి కెమెరా తన పద్ధతిలో కొంత తుడిచి, కొంత షార్ప్ చేసి, నొక్కి పెట్టేసింది. దాని మీద మళ్లీ తుడిస్తే ప్లాస్టిక్ రాక ఏమొస్తుంది. డీ750లో రెండు కార్డు స్లాట్లున్నాయి కదా, ఒకదాంట్లోకి రా, ఇంకోదాంట్లోకి జేపెగ్ పంపండి. పెళ్లంతా కాకపోయినా జీలకర్ర బెల్లం నుంచి అరుంధతి దాకా రా ఉంటే చాలు.

ముందు నాయిస్సే తీయాలి. షార్పెనింగ్‌కి గింజా నాయిస్సూ తేడా తెలీదు, రెంటినీ పెంచుతుంది. లైట్‌రూమ్‌లో అయితే మచ్చలు తుడవడం, ఏఐ మాస్కులు పెట్టడం కంటే ముందే డీనాయిస్ నొక్కండి. స్లయిడర్ 50 మీద తెరుచుకుంటుంది, అది శాసనమేం కాదు. మొహాలున్న ఫొటోలకి నేను 30, 40 మధ్యలో ఆపుతాను. అక్కడ మిగిలే సన్న గ్రెయిన్ కాగితం మీద కనపడదు, చర్మాన్ని మాత్రం చర్మంలా ఉంచుతుంది.

షార్పెనింగ్‌కి వస్తే, మసక ఎందుకొచ్చిందో ముందు చూడండి. మొత్తం ఫ్రేము ఒకే దిక్కుకి సాగి ఉంటే చెయ్యి కదిలింది. మొహం సాగి, వెనక మండపం స్తంభం నిలకడగా ఉంటే మనిషి కదిలాడు. ముక్కు బావుండి కన్ను మసకైతే ఫోకస్ ముందుకి పడింది. కొంచెం చెయ్యి కదిలినదాన్ని ఈ సాఫ్ట్‌వేర్లు బాగా లాక్కొస్తాయి, అది ఒప్పుకోవాలి. ఫోకస్ బాగా తప్పిన కన్నుకి మాత్రం రెప్పవెంట్రుకలు కొత్తగా నాటుతాయి. కాటుక కన్ను పక్కన అవి దొరికిపోతాయి.

నాయిస్ తీశాక మామూలు షార్పెనింగ్‌కి లైట్‌రూమ్ చాలు. ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని మాస్కింగ్ స్లయిడర్ జరపండి. బుగ్గలు, నుదురు నల్లగా అయ్యి, కనురెప్పలు, నగలు, జరీ తెల్లగా మిగిలేదాకా జరిపి ఆపండి. రేడియస్ 1 దాటనివ్వకండి, దాటితే జరీ అంచుకి తెల్లటి గీత పడుతుంది.

చారల సంగతి నాయిస్ కాదు, అది లైట్ల గొడవ. ఏ షటర్ స్పీడులో తీశారో చెప్పండి.

పాలపిట్ట_ఎఫ్6.3

నాది పిట్టల లోకం. నేలపట్టులో గూడబాతులు, కొల్లేరులో కొంగలు, పొద్దున్నే మంచులో ఐఎస్ఓ 6400 మాకూ మామూలే. పైన చెప్పిన డిఫరెన్స్ లేయర్ పద్ధతి ఈకల మీద కూడా బాగా పట్టిస్తుంది.

కొనడానికి ముందు ఉచితంగా దొరికేవి చూడండి. డార్క్‌టేబుల్‌లో డీనాయిస్ ప్రొఫైల్డ్ అని ఒక మాడ్యూల్ ఉంది. కెమెరా మోడల్‌కి, ఒక్కో ఐఎస్ఓకి నాయిస్ ఎంతుంటుందో ముందే కొలిచిపెట్టిన ప్రొఫైల్ వాడుతుంది. డీప్‌ప్రైమ్ అంత నున్నగా రాదు. కానీ లేనిది గీయదు. రాథెరపీ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్యాప్చర్ షార్పెనింగ్ వాడి చూడండి, 2020లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి ఉంది. దాని వెనకున్న లెక్క రిచర్డ్‌సన్ 1972లో, లూసీ 1974లో విడివిడిగా రాసినది. 1990లో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ పైకి వెళ్లాక అద్దంలో దోషం బయటపడింది, 1993 డిసెంబరులో రిపేరు అయ్యేదాకా మసక బొమ్మల్ని తేల్చడానికి ఖగోళ శాస్త్రవేత్తలు వాడిన పద్ధతుల్లో ఇదొకటి. మసక ఏ ఆకారంలో పడిందో తెలిస్తే దాన్ని వెనక్కి తిప్పడం అన్నమాట. ఏఐ షార్పెనింగ్ చేసేది వేరు, లక్షల ఫొటోలు చూసిన అలవాటు మీద ఇక్కడ ఈక ఇలా ఉండాలి అని నింపుతుంది. పోటీలకి పంపే ఫొటోకి నేను ఆ నింపుడు ఒప్పుకోను, జడ్జీలు రా ఫైలు అడుగుతారు. పెళ్లి ఆల్బమ్‌కి అంత పట్టింపు అక్కర్లేదనుకుంటా, అక్కగారే చెప్పాలి.

బెజవాడ_ఎడిటర్

జడ చివర జడకుచ్చులకి నింపుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మొహానికి మాత్రం మీ జడ్జీల కంటే మా పెళ్లివారు గట్టివాళ్లు. రా ఫైలు అడగరు, మనిషినే పక్కన నిలబెట్టి పోలుస్తారు.

ఒక్క మాట, డార్క్‌టేబుల్ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. సీజన్ మధ్యలో మొదలుపెట్టొద్దు తమ్ముడూ.

ల్యాబ్_కౌంటర్

నేను ప్రింటింగ్ వైపు. అక్క రాసిన సైజు లెక్క మా దగ్గరికి వచ్చే స్టూడియోల్లో చాలామందికి చెప్పినా ఎక్కదు. కొన్ని కలుపుతా.

టెస్ట్ స్క్రీన్ మీద ఆపకండి. 12×18 షీటు ఒకటి తీసుకుని దాంట్లో ఒకే మొహాన్ని పట్టీలు పట్టీలుగా వేయండి: అసలుది, ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది, తక్కువ స్లయిడర్‌ది, ఎక్కువ స్లయిడర్‌ది. ఆల్బమ్‌లో పడే సైజులోనే వేయాలి, పెద్దది చేయొద్దు. పేర్లు పైన రాయకుండా మూలన చిన్న నంబర్ పెట్టండి. ఇంట్లో వాళ్లకి ఇచ్చి చేతిలో పట్టుకుని చూడమనండి. వాళ్లు ఏ నంబర్ ఎత్తుతారో చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక్క షీటు ఖర్చు, ఏడాది చందా కంటే చాలా తక్కువ.

ఏ ఫినిష్ ఆర్డర్ చేస్తారో ఆ ఫినిష్‌లోనే వేయించండి. మ్యాట్ లామినేషన్ సన్న వివరాన్ని కొంచెం మింగుతుంది, దానికి షార్పెనింగ్ ఒక మెట్టు ఎక్కువ పడుతుంది. గ్లాసీలో అదే ఎక్కువై కొడుతుంది. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో స్క్రీన్, మ్యాట్ పేపర్, గ్లాసీ పేపర్ అని వేరువేరుగా ఉన్నది అందుకే. ఇంకా, ల్యాబ్‌లో ఆటో కరెక్షన్, షార్పెనింగ్ ఆన్‌లో ఉందేమో అడగండి. ఉంటే మీరు పడ్డ కష్టం మీద మా మెషిన్ ఇంకో పూత పూస్తుంది. ఆర్డర్‌లో "నో కరెక్షన్" అని రాయండి.

నున్నగా తుడిచిన ఫైళ్లతో ఇంకో తంటా ఉంది. స్టేజీ వెనక తెర మీద లైటు మెల్లగా చీకట్లోకి కలుస్తుంది కదా, అక్కడ గ్రెయిన్ పూర్తిగా పోతే జేపెగ్‌లో మెట్లు మెట్లుగా పడుతుంది. సన్న గ్రెయిన్ ఉంటే ఆ మెట్లు కలిసిపోతాయి. బాగా తుడవాల్సి వస్తే చివర్లో లైట్‌రూమ్ ఎఫెక్ట్స్‌లో కొంచెం గ్రెయిన్ తిరిగి కలపండి.

ఖమ్మం_క్లిక్స్

అక్కా, అన్నలూ, చాలా థాంక్స్. చెప్పినట్టే చేసి వచ్చాను.

ముందు ఆ నాయనమ్మ ఫైలు. డిఫరెన్స్ లేయర్ వేసి లెవెల్స్ పెంచగానే నల్ల స్క్రీన్ మీద ఆమె మొహం మొత్తం గీతల్లో ప్రత్యక్షమైంది. నుదుటి మీద మూడు మడతలు, కంటి పక్క కాకికాళ్లు, ముక్కుపుడక చుట్టూ గుంట, అన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి. స్లయిడర్ తగ్గిస్తూ అదే లేయర్ చూస్తూ వచ్చాను, ఒక చోట మడతలు పోయి ఇసక మాత్రమే మిగిలింది. మిగతా ఫొటోలకి కూడా ఆ స్థాయి దగ్గరే ఆపాలని పెట్టుకున్నా.

తలంబ్రాల ఫ్రేములో మూడూ ఎంతో కొంత తడబడ్డాయి. తక్కువ తడబడినది మీరంతా చెప్పినట్టు రా మీద నడిచినప్పుడే. జేపెగ్ మీద టోపాజ్‌తో చేస్తే గింజలు నమ్మేలా లేవు. ఇక నుంచి ముహూర్తం టైములో స్లాట్ ఒకటి రా, రెండు జేపెగ్.

నంబర్ల షీటు మా ల్యాబ్‌లో వేయించి అమ్మకీ, మా ఆవిడకీ, పక్క షాపు టైలర్‌కీ చూపించా. టైలర్ చీర తప్ప ఇంకేం చూడలేదు! బుటాలు పోయిన నంబర్లన్నీ పక్కన పెట్టేశాడు. అమ్మ, మా ఆవిడ కూడా ఎక్కువ తుడిచిన నంబర్ ఎత్తలేదు. అసలు నాయిస్ ఉన్న పట్టీని అమ్మ "ఇది కూడా బాగానే ఉంది కదా" అంది, నాలుగు ఫొటోల సైజులో.

కాబట్టి ఇప్పటికి కొత్తది కొనట్లేదు. లైట్‌రూమ్‌కి ఎలాగూ డబ్బు కడుతున్నాం, దాంట్లోదే, తక్కువ మీద, లేఅవుట్ వేశాక పెద్దగా వెళ్లే ఫొటోలకి మాత్రం. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అవుతోంది. గ్రూపు ఫొటోల మూలల్లో ప్యూర్‌రా బాగుంది, ఒప్పుకోవాలి. మా 24-70 లెన్స్ లోపాలు సరిచేసే మాడ్యూల్ దాంట్లో ఉంది, చివర కూర్చున్న వాళ్ల మొహాలు బిగువుగా వచ్చాయి. సీజన్ డబ్బులు వచ్చాక ఆలోచిస్తా.

చారల ఫొటోలు 1/320, 1/400లో తీసినవి. తలంబ్రాలప్పుడు గింజలు ఆగాలని స్పీడు పెంచాం.

బెజవాడ_ఎడిటర్

ఆ టైలర్‌ని వదలకండి, మీకు రివ్యూయర్ దొరికాడు.

చారలకి కారణం మీ స్పీడే. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు ఎక్కువా తక్కువా అవుతుంటాయి. 1/100లో తీస్తే ఒక పూర్తి ఆట పడుతుంది, ఫ్రేమంతా సమానంగా ఉంటుంది. 1/320లో షటర్ పరదా కిందికి దిగుతుండగా లైటు మధ్యలో తగ్గుతుంది, ఆ తగ్గిన చోట అడ్డంగా చార. అది నాయిస్ కాదు కాబట్టి డీనాయిస్‌కి అక్కడ పనేం లేదు. చార పడ్డ మొహాన్ని మాస్క్ పెట్టి వెలుతురు, రంగు విడిగా సరిచేసుకోవడమే, అది చేత్తో చేసే చాకిరీ. రంగులు మారే ఎల్ఈడీలు, స్టేజీ వెనక ఎల్ఈడీ వాల్ ఇంకా వేగంగా ఆరి వెలుగుతాయి, 1/100 పెట్టినా ఒక్కోసారి చారలు పడతాయి. పెళ్లి మొదలయ్యేముందే ఖాళీ స్టేజీని రెండు మూడు స్పీడుల్లో తీసి వెనక స్క్రీన్‌లో పెద్దది చేసి చూసుకోండి.

1/100లో గింజలు గీతలవుతాయి, తెలుసు. ఆ కాసేపటికి ఫ్లాష్‌ని సీలింగ్‌కి కొట్టి బౌన్స్ చేయండి. వెలుగు ఎక్కువ వచ్చేది ఫ్లాష్ నుంచే అయితే గింజల్ని ఆపేది దాని మెరుపే, షటర్ కాదు. ఐఎస్ఓ కూడా 1600కి దింపొచ్చు. మంత్రాలప్పుడు ఫ్లాష్ వద్దంటారేమో గానీ, తలంబ్రాలకి అందరూ ఈలలేసి గోల చేస్తుంటే పంతులుగారు కూడా ఏమనరు. సీలింగ్ మరీ ఎత్తయినా, దానికి రంగు గుడ్డలు కట్టినా మాత్రం బౌన్స్ పనిచేయదు. అప్పుడు తమ్ముడి చేతికి ఒక ఫ్లాష్ ఇచ్చి పక్కన నిలబెట్టండి.